మీసం గమ్ము ఆరేలోపు పాత్రలో ప్రవేశించు విధానము

నటన నేర్పేవాళ్లను చాలాకాలంగా వేధిస్తున్న ఒక సమస్యను హైదరాబాద్‌లో సినిమావాళ్ల పేట కృష్ణానగర్ చుట్టుపక్కల శిక్షణాలయాలు చడీచప్పుడు లేకుండా పరిష్కరించేశాయి. పాత్ర అర్థం కావాలంటే స్క్రిప్టు చదవాలా అన్నది ఆ సమస్య. అక్కర్లేదని తేలింది. స్క్రిప్టు ఎవరైనా చేతికిస్తే కదా చదవడం! ఇచ్చేది డైలాగ్ పేపరు, అదీ షాటుకు కాస్త ముందు. లేని సరుకును విశ్లేషించడం నేర్పి పిల్లల ఫీజు వృథా చేయడం గురువన్నవాడు చేయదగ్గ పని కాదు. అందుకని ఆ టైమును జిమ్ముకు, పోర్ట్‌ఫోలియోకు, ముఖ్యంగా గెటప్పుకు కేటాయించారు.

గెటప్పు తేలికని అనుకునేవాళ్లు స్పిరిట్ గమ్ము ఎన్నడూ ముట్టుకోనివాళ్లే. నున్నగా గీసిన పైపెదవి మీద జిడ్డు తుడవాలి. గమ్ము పలచగా రాసి, వేలికి కాస్త అంటుకునే దశ వచ్చేదాకా ఆగాలి. అప్పుడు మీసాన్ని మధ్యలో ఆనించి కొసల దాకా నొక్కుకుంటూ పోవాలి. తడి ఆరకముందే పెడితే జారుతుంది. మే నెల ఎండలో అవుట్‌డోర్ పడిందా, చెమటకు ముందు లేచేవి కొసలే. లేస్తున్నాయని తెలిసిన క్షణం నుంచి నటుడి ప్రాణమంతా అక్కడే ఉంటుంది, ఇక పైపెదవి కదపడు. పెదవులు కలవకపోతే ప, బ, మ పలకవు. ‘మా అమ్మ పాపం’ కాస్తా ‘వా అవ్వ వావం’ అవుతుంది. చూసినవాళ్లు ఎంత నిగ్రహంగా చేశాడో అంటారు. గంభీర నటన అని మనం మెచ్చుకునేదాంట్లో కొంత వాటా ఆ గమ్ముదే.

ఇక సాత్వికాభినయం, అంటే లోపలి భావం ఒంటి మీద దానంతటదే బయటపడే నటన. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది సాత్విక భావాలు చెప్పి, మనసు ఏకాగ్రమైతే తప్ప ఇవి రావని ఒక మెలిక పెట్టాడు. అంత తీరిక ఎవరికుంది? పరిశ్రమ ఎనిమిదింటినీ డిపార్ట్‌మెంట్లకు పంచేసింది. స్వేదం టచప్ అబ్బాయి చేతిలోని స్ప్రే బాటిల్‌ది. స్వరభేదం డబ్బింగ్ ఆర్టిస్టు చూసుకుంటారు. వేపథువు అంటే వణుకు, అది హ్యాండ్‌హెల్డ్ కెమెరాకు వదిలేశారు. వైవర్ణ్యం అంటే మొహం రంగు మారడం, అది సినిమా రంగులు సరిచేసే డీఐ గదిలో కలరిస్టు పని. కొయ్యబారిపోవడమనే స్తంభానికి స్లో మోషన్ ఉంది. రోమాంచాన్ని నటుడి ప్రమేయం లేకుండా నేపథ్య సంగీతమే నేరుగా ప్రేక్షకుడికి తెప్పిస్తుంది. మూర్ఛపోవడమనే ప్రళయాన్ని ఇంటర్వెల్ కార్డు భరిస్తుంది. మిగిలిన అశ్రువుకు గ్లిజరిన్ ఉండనే ఉంది. దాన్ని రెప్ప కింద రాయాలి. కంట్లో పడితే మంట కనిపిస్తుంది, దుఃఖం కనిపించదు. ఈ ముక్క మాత్రం శ్రద్ధగా నేర్పుతారు.

నటనకు పద్ధతి నేర్పిన రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ పేరు బ్రోచర్లో ఉంటుంది కాబట్టి ఆయన గురించీ ఒక మాట. 1898లో మొదలైన మాస్కో ఆర్ట్ థియేటర్‌లో ఈయన నటులను బల్ల చుట్టూ కూర్చోబెట్టి రోజుల తరబడి నాటకం చదివించేవాడు. చివరి సంవత్సరాల్లో తానే మనసు మార్చుకున్నాడు. అంతసేపు కూర్చుంటే బుర్ర నిండుతుంది గానీ ఒళ్లు కదలదని గ్రహించి, సీనులో ఏం జరుగుతోందో తేల్చుకోగానే లేచి సొంత మాటల్లో ఆడి చూడమన్నాడు. ఆయన బోధన మొత్తంలో మన శిక్షణాలయాల దాకా చేరింది ‘లేచి’ అన్న మాట.

అసలు చదివితే వచ్చే అనర్థాలు చూడండి. డైలాగ్ పేపరులో తండ్రి మాట ఒకటుంది: ‘అన్నం తిన్నావా?’ శిక్షణ పొందినవాడు దీన్ని నవరసాల్లో తొమ్మిదిసార్లు గడగడా చెప్పేస్తాడు. విశ్లేషణ అలవాటైనవాడు దొరికాడంటే ప్రశ్నలు మొదలు. వేళెంత? రాత్రి పదకొండు. కొడుకు ఎక్కడి నుంచి వచ్చాడు? పగలంతా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండి, ఉన్న అరెకరం అమ్మేసి వచ్చాడు. తండ్రికి తెలుసా? వెనక సీనులో ఎవరో ఫోను చేశారు కనుక తెలుసు. ఆయనకు కావలసిందేమిటి? కొడుకు తనంతట తాను నోరు విప్పాలి. అడ్డమేమిటి? తనే అడిగేస్తే వాడు లేచి వెళ్లిపోతాడు. మరి ఆ మాటతో ఆయన చేస్తున్న పనేమిటి? ఇక్కడే చాలామంది ‘బాధపడటం’ అని రాసుకుని చెడతారు. బాధను ఆడబోతే మొహం ముడుచుకుంటుంది తప్ప సీను నడవదు. ‘కూర్చోబెట్టడం’ అని రాసుకున్నవాడి చేయి కంచం వైపు దానంతటదే వెళ్తుంది. కొడుకు ‘తిన్నా’ అనగానే సీను మలుపు తిరిగింది, పేపరు మీద అక్కడో గీత గీయాలి. గీత దాటాక తండ్రి చేసే పని మారాలి. కంచం తీసి బోర్లించవచ్చు. ఇంత తవ్వితే చేతికొచ్చింది ఒక కంచం, చుక్క కన్నీరు లేదు! దీనికోసం గ్లిజరిన్‌ను ఖాళీగా కూర్చోబెట్టాలా?

పైగా ఇలాంటివాడు సెట్‌కొచ్చి, ఈ సీను పొలం అమ్మకముందా అమ్మాకా అని అడుగుతాడు. ఆసుపత్రి లొకేషన్ ముందు దొరికితే చావు ముందు తీస్తాం, జబ్బు తర్వాత తీస్తాం. కట్టు ఏ చేతికుందో, చొక్కాకు ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో ఫొటోలు తీసి దాస్తాం. పాత్ర ఆ పూటకు ఎంత తెలుసుకుంది, ఎంత దాస్తోంది అన్నదానికి ఫొటో లేదు. నటుడే నోట్‌బుక్‌లో సీను నంబరు వేసి రాసుకోవాలి. రాసుకోనివాడు అన్ని సీన్లకూ ఒకే మొహం పెడతాడు. నాలుగు సినిమాలు ఆడాక దాన్ని స్టైల్ అంటారు.

యాసకు విడిగా ఫీజు. సూత్రం చిన్నదే: మామూలు వాక్యానికి తోక తగిలించాలి. తెలంగాణకు ‘బిడ్డా’, సీమకు ‘అప్పా’, శ్రీకాకుళానికి ‘ఏటి’. ‘వచ్చాడు’ అన్నది ‘వచ్చిండు’ కావాలని, క్రియతో పాటు రాగం కూడా మారాలని పట్టుకోవాలంటే ఆ ఊరి బస్టాండులో కూర్చుని చెవి ఒగ్గాలి. కూర్చుంటే కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల సందున ఎలా పెట్టుకుంటాడో, రెండు చేతులూ ఖాళీ లేక నడుమును సీటుకు ఎలా ఆనిస్తాడో కూడా కంటబడుతుంది. ఆ నడుము దొరికితే నడక దొరుకుతుంది, నడకతో గొంతూ మారుతుంది. కానీ బస్టాండు సర్టిఫికెట్ ఇవ్వదు కదా. ఖాకీ చొక్కా, ఒక విజిల్, ‘రైట్ రైట్’ చాలు.

ఆడవేషాలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావును, కూచిపూడిలో సత్యభామ వేషం కట్టిన వేదాంతం సత్యనారాయణ శర్మను ఉదాహరణగా చూపి కొందరు పెద్దలు వాదనకు వస్తుంటారు. వాళ్లు మీసం తీసేసినవాళ్లు. మన సిలబస్ మీసం అంటించడం గురించి.

చివరి పరీక్షకు రెండు పేజీల సీను ఇస్తారు. అందుకోగానే విద్యార్థి పసుపు హైలైటర్‌తో తన డైలాగులు గీసుకుంటాడు. ఎదుటివాళ్ల మాటలు తెల్లగా మిగిలిపోతాయి. అవి ఎప్పుడవుతాయా అని చూస్తూ నిలబడటం పేరు రియాక్షన్. ఒకరి భుజం మీదుగా ఎదుటివాడి మొహం చూపే సజెషన్ షాట్‌కు అదీ అక్కర్లేదు, వీపు కనిపిస్తే సరిపోతుంది. వీపు సంగతి జిమ్ములోనే పూర్తయింది కనుక, బ్యాచ్ మొత్తం ఫస్ట్ క్లాసులో పాస్.