ముందు డెన్వర్, ఆ తర్వాతే కొండలు

జులై ఎండలు ముదిరేసరికి డాలస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు కొలరాడోకు బయలుదేరడం ఇప్పుడు దాదాపు ఆనవాయితీ అయింది. రెండు మూడు కుటుంబాలు కలిసి, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను కూడా ఎక్కించుకుని, డాలస్ నుంచైతే పన్నెండు గంటలకు పైగా కారు నడిపి, నేరుగా బ్రెకెన్‌రిడ్జ్ వంటి స్కీ ఊరిలో అద్దె ఇంట్లో దిగుతారు. మర్నాటి నుంచే కొండలెక్కుతారు. చివర్లో సమయం మిగిలితే డెన్వర్ చూస్తారు, లేకపోతే లేదు. ఈ వరుస తలకిందులుగా ఉందనీ, డెన్వర్‌ను మొదటికి తెచ్చుకోవాలనీ నా అభిప్రాయం.

డాలస్ సముద్రమట్టానికి సుమారు 430 అడుగుల ఎత్తున ఉంటే, బ్రెకెన్‌రిడ్జ్ 9,600 అడుగుల ఎత్తున ఉంది. పల్లపు ప్రాంతం నుంచి వచ్చినవారు మొదటి రాత్రే 9,000 అడుగులు దాటిన చోట నిద్రపోవడం మంచిది కాదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ స్పష్టంగా చెబుతోంది. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా ఒకటే అయినా, పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గడం వల్ల 12,000 అడుగుల దగ్గర ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. దీనికి శరీరం అలవాటు పడడానికి కొంత సమయం కావాలి. ఆ సమయం ఇవ్వనప్పుడు తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మనవాళ్లు వాటిని రాత్రి తిన్న బిర్యానీ మీదకు నెట్టేసి, ఒక మాత్ర మింగి, మళ్లీ పైకే బయలుదేరుతారు.

'తిరుమల మెట్లెక్కినవాళ్లం, మాకు ఇదో లెక్కా' అనే పెద్దవాళ్లు ప్రతి బృందంలోనూ ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ల బలాన్ని నేను తక్కువ చేయను. అయితే తిరుమల ఎత్తు సుమారు మూడు వేల అడుగులే, అంటే డెన్వర్ నగరం కంటే తక్కువ. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు కొండల మీదుగా వెళ్లే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద, 11,796 అడుగుల ఎత్తున ఉన్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ పార్కింగులో, స్వెటర్ మీద శాలువా కప్పుకుని, కారు తలుపు తీసుకుని కూర్చుని, తల పట్టుకున్న ఒక పెద్దావిడను చూశాను. పిల్లలు మంచులో ఫొటోలు దిగుతున్నారు, కొడుకు ఆమెకు నీళ్ల సీసా అందిస్తున్నాడు. ఆమెకు అప్పుడు కావలసినది కిందికి దిగడమే.

డెన్వర్ సరిగ్గా ఒక మైలు ఎత్తున, అంటే 5,280 అడుగుల దగ్గర ఉండడం ఇక్కడే అక్కరకొస్తుంది. రాష్ట్ర శాసనసభ ఉండే క్యాపిటల్ భవనం పడమటి మెట్లలో పదిహేనో మెట్టు మీద ఆ మాట చెక్కి ఉంటుంది. తర్వాతి కొలతల్లో తేడా రావడంతో పద్దెనిమిదో మెట్టుకు ఒక గుర్తు, 2003లో పదమూడో మెట్టుకు మరొక గుర్తు పెట్టారు. మూడింటిలో దేని మీద నిలబడి ఫొటో తీయించుకోవాలో పిల్లలు వాదించుకోవచ్చు. 1941లో ప్రారంభమైన రెడ్ రాక్స్ ఆరుబయలు రంగస్థలంలో కచేరీ లేని ఉదయాల్లో స్థానికులు మెట్ల మీద వ్యాయామం చేస్తుంటారు. మన ఆయాసం ఎంతో తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. రెండు రాత్రులు ఇక్కడ నిద్రపోయి, తర్వాత సుమారు 7,500 అడుగుల ఎత్తున్న ఎస్టెస్ పార్క్ అనే ఊరికి మారితే, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్, ఎమరాల్డ్ సరస్సుల దాకా నడవడం అలవాటు లేనివారికి కూడా సాధ్యమే. డ్రీమ్ లేక్ దగ్గరే ఆగిపోయినా లోటేమీ లేదు.

నడక పొద్దున్నే మొదలుపెట్టాలన్నది మాత్రం బేరానికి లొంగని విషయం. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం కాగానే ఉరుములు, పిడుగులు మామూలే కాబట్టి, చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు దాటినవారు ఆ లోపే దిగిపోవాలి. వేసవిలో ఆ నేషనల్ పార్కులోకి వేళ నిర్ణయించిన ప్రవేశ అనుమతి కూడా ముందుగా తీసుకోవలసి రావచ్చు. ఉప్మా, చట్నీ, రెండో విడత కాఫీ పూర్తయి పదకొండింటికి ఇల్లు కదిలే మన పద్ధతి ఆ కొండల మీద పనికిరాదు.

డెన్వర్ నడిబొడ్డున హోటళ్లు ఖరీదు, పార్కింగుకు వేరే చెల్లింపు అన్న అభ్యంతరం న్యాయమైనదే. అరోరా వంటి పొరుగు ఊళ్లలో దిగినా ఎత్తులో పెద్ద తేడా లేదు. ఇక ఆ రెండు రోజులు ఎక్కడి నుంచి తేవాలంటే, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు 14,115 అడుగుల పైక్స్ పీక్ శిఖరానికి కారులో వెళ్లే రోజును ముందుగా కొట్టేయమంటాను. రెండో రోజు కోసం ట్రెయిల్ రిడ్జ్ రోడ్డును తీసేయనక్కర్లేదు; దాన్ని చివరి రోజుకు జరిపి, ఒకే రోజున చూడాలనుకున్న నాలుగైదు వ్యూపాయింట్లలో సగం వదిలేస్తే చాలు.