అడంగల్లో తిష్ఠ వేసిన పోరంబోకు గారికి

పోరంబోకు గారూ,

ముందు మన చుట్టరికం గుర్తుచేస్తా. ఆరో తరగతిలో నన్ను నీ పేరుతోనే పిలిచేవాళ్లు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే బడి వెనక తిప్ప మీదికి పోయి, జేబుల నిండా కలేకాయలు కోసుకుని, వాటి పాలు చొక్కాకి అంటించుకుని, లెక్కల పీరియడు సగంలో తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. అయ్యవారు బెత్తం ఊపుతూ "యాడికి పోయావురా పోరంబోకు వెధవా" అనేవారు. నేను పోయింది పోరంబోకుకే కాబట్టి అందులో తప్పు పట్టడానికేం లేదు. పేరూ అడ్రసూ ఒక్క మాటలో తేల్చేశారు. (గారూ అని మొదలుపెట్టి నువ్వు అంటున్నానని నొచ్చుకోకు, ఒకే పేరున్న వాళ్ల మధ్య మర్యాదలేంటి.)

ఆ తర్వాత చాలా ఏళ్లకి నీ పుట్టుక గురించి తెలిసింది. అరవ మాటవట. శిస్తు లెక్కకి బయట పెట్టిన నేల అని అర్థమట. మద్రాసు ప్రెసిడెన్సీలో డబ్బు రాలే నేలంతా ఒక పక్క రాసుకుని, రాలని దాన్ని బయటికి నెట్టి నీ పేరు పెట్టారు. అంటే నువ్వు పుట్టుకతో తిట్టువి కాదు, ఉత్త గుమాస్తా మాటవి. 'శిస్తు రాదు' అన్నది ఎప్పుడు 'దేనికీ పనికిరాదు' అయిందో, అది ఎప్పుడు మా అయ్యవారి బెత్తం దాకా వచ్చిందో కానీ, మొత్తానికి బాగా పైకొచ్చావు.

ఈ లేఖ రాయడానికి కారణం వేరే ఉంది. మాది పామూరు నుంచి దుత్తలూరు పోయే వైపు. అటు 2025 చివరిదాకా ప్రకాశం, ఇటు నెల్లూరు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా రెండూ నెల్లూరే, పుట్టాక మనుషులం విడిపోయాం కానీ మధ్యలో ఉన్న కంపకి ఆ కబురు ఎవరూ చెప్పలేదు, అది రెండు జిల్లాల్లోనూ ఒకటే తీరుగా ఉంది. ఎర్రమట్టి, గులకరాళ్లు, మోకాలెత్తు నుంచి తలెత్తు దాకా బలుసు, రేగు, కలివి, తంగేడు, అక్కడక్కడా ఒక చండ్ర చెట్టు, మధ్యమధ్య బోసి నేల. ఆ తిప్ప మొన్న రీసర్వేకి వచ్చింది.

నేనూ ఊరికే చూద్దామని పోయా. సర్వే చేసే అబ్బాయి చిన్నవాడు, మంచివాడు, ఎండకి తలకి తువ్వాలు చుట్టుకుని ట్యాబు పట్టుకుని నిలబడ్డాడు. "ఇక్కడ ఏముంది?" అని అడిగాడు. మా ఊరాయన ఒకాయన "ఏముంది సార్, ఏం లేదు, కంప" అన్నాడు. ఆ 'ఏం లేదు' ఇంకా నోట్లో ఉండగానే ఆయన కాలి కింది పొదలోంచి కౌజుల జత బుర్రుమని లేచింది. ఆయన ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డాడు, ట్యాబు కింద పడింది, అందరం నవ్వాం. తర్వాత ఆ అబ్బాయి ట్యాబు తుడుచుకుని 'ఖాళీ' అని కొట్టాడు.

అప్పట్నుంచి నీ అడంగల్ని, అదే, ఊరి భూములన్నీ ఎక్కించే ఆ రికార్డుని పట్టుకుని కూర్చున్నా. ఎంత బాగా రాశారయ్యా గళ్లు! పట్టాదారు పేరు అని ఒకటి, అనుభవదారు పేరు అని ఒకటి, అనుభవ స్వభావం అని ఇంకోటి. పట్టాదారు సంగతి వదిలెయ్, అది సర్కారు వారిది, వాళ్లతో నాకు తగువు లేదు. కానీ అనుభవదారు గడి ఖాళీగా ఎందుకు వదిలావు? ఏడాది పొడుగునా ఆ నేలని అనుభవిస్తున్నవాళ్లు పొదకొకరు ఉన్నారు కదా. నువ్వు రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా, తీరిక ఉన్నప్పుడు ఎక్కించుకో.

మొదటి పేరు తీతువు. ముక్కు పక్కన పసుపుపచ్చ తోలు వేలాడుతుంది చూడు, ఆ రకం. మా నాయనమ్మ అది కూస్తే చావు కబురొస్తుందని భయపడేది. వేసవిలో గుడ్లు పెడుతుంది, గూడు గీడు ఏం ఉండదు, బోసి నేల మీద కాస్త గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అంతే. సర్వే రోజు నేను దాదాపు తొక్కబోయా. నాలుగు గుడ్లు, కొసలు లోపలికి పెట్టి, మట్టి రంగు మీద సిరా విదిలించినట్టు నల్ల మచ్చలు. వంగి చూస్తే గుడ్లు, నిలబడితే రాళ్లు. మళ్లీ వంగితే ఏవి గుడ్లో ఏవి రాళ్లో నాకే అనుమానం వచ్చింది. ఆ ఎండకి అవి ఉడికిపోకుండా తల్లి పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి వాటి మీద కూర్చుంటుంది. నీటి ఆధారం అని కూడా ఒక గడి ఉంది కదా నీ దగ్గర, అందులో 'పొట్ట' అని రాసుకో. అనుభవ స్వభావం: వారసత్వం.

తర్వాత ఉడుము, కుందేలు, ముంగిస, గుంటనక్క, జెముడుకాకి, పాలపిట్ట. ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్పే ఓపిక లేదు. పాలపిట్టది మాత్రం ఒక బాధ ఉంది, 2018 దాకా మన రాష్ట్ర పక్షి అదే, తర్వాత చిలకని పెట్టుకున్నాం. పోస్టు ఊడినా అది ఇంకా కరెంటు తీగ మీద కూర్చుని డ్యూటీ చేస్తూనే ఉంది, రిటైరైన వీఆర్వో లాగా.

నీకు తెలియని సంగతి ఇంకోటి ఉంది. తెలుగు మాట్లాడేవాళ్లు రోజూ నీ నేల మీద పడి మేస్తుంటారు. ఎవడికైనా లాటరీ తగిలితే నక్క తోక తొక్కాడంటాం, తొక్కడానికి ముందు నక్క ఉండాలి కదా. వదలకపోతే ఉడుం పట్టంటాం. మొండికేస్తే కుందేటికి మూడే కాళ్లంటాం. అన్నీ పోయినవాడికి 'బతికుంటే బలుసాకు తినొచ్చు' అని ధైర్యం చెబుతాం. ఆ బలుసు ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు ఈ కాలంలో ఎంతమంది? సూపర్ మార్కెట్లో లేదు, చూశా. మా తిప్ప మీద ఉంది. రేపు దాన్ని చదును చేసి ప్లాట్లు వేస్తే, దివాళా తీసినవాడికి ఏం చెప్పాలో కాస్త ఆలోచించి పెట్టుకో.

నీకంటే ముందే ఈ కంపని లెక్కలోకి తెచ్చిన ఒక దొర ఉన్నాడు, జెర్డాన్ అని, నెల్లూరులో డాక్టరు. రోగుల్ని చూడగా మిగిలిన టైములో పిట్టల్ని, చీమల్ని చూసేవాడు. యానాదుల్ని అడిగి తెలుసుకునేవాడు, అంటే ఎవరిని అడగాలో ఆయనకి తెలుసు. దక్షిణాది చీమల జాబితా ఒకటి 1851లో అచ్చేశాడు, అందులో ఎగిరి దూకే చీమ కూడా ఉంది. 1848లో ఆయన లోకానికి చూపించిన పిట్ట మన కలివికోడి. రాత్రిపూట తిరుగుతుంది, పగలు పొద కింద కదలకుండా ఉంటుంది. దానికి దట్టమైన అడవి అక్కర్లేదు, ఉత్త మైదానమూ అక్కర్లేదు. పొదకీ పొదకీ మధ్య బోసి నేల ఉండాలి. నువ్వు ఖాళీ అని రాసే ఆ బోసి నేలే దాని ఇల్లు, వాకిలి, వీధి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందని రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర కంపలో మళ్లీ కనబడింది. 86 ఏళ్లు, ఎవరూ చూడకపోతే అది మాత్రం ఏం చేస్తుంది, పాపం? నీ రికార్డులు నమ్ముకుని వెతికి ఉంటారు.

నువ్వొక్కడివే అయితే ఎలాగో సర్దుకునేవాళ్లం, నీకు ఇంగ్లీషు చదువుకున్న తమ్ముడు కూడా తయారయ్యాడు. వేస్ట్‌లాండ్స్ అట్లాస్ అంట, పనికిరాని నేలల పటాల పుస్తకం, 2000 నుంచి వస్తోంది, ఉపగ్రహం నుంచి ఫొటోలు తీసి వేస్తారు. అందులో దట్టంగా పొదలున్న నేల వేస్టే, పలచగా పొదలున్న నేల కూడా వేస్టే. అంటే పొద బాగా పెరిగినా తప్పే, పెరక్కపోయినా తప్పే. మా లెక్కల అయ్యవారి దగ్గర చదువుకున్నాడేమో.

దీని వల్ల ఏమవుతుందంటే, వేస్టు కాబట్టి ఎవరైనా దాన్ని బాగుచెయ్యొచ్చు. మూడేళ్ల కిందట ఒక రోజు మొక్కలు నాటే పండగ చేశారు. బ్యానరు, మైకు, సమోసాలు. ముందు రోజు జేసీబీతో బలుసు, రేగు, కలివి అన్నీ పెరికి కుప్ప పోసి, ఆ చోటే గుంటలు తీసి జామాయిల్ మొక్కలు నాటారు. చెట్లు నాటడానికి చెట్లు పీకిన ఊరు మాది. ఫొటోలో చాలా పచ్చగా వచ్చింది, బ్యానరు రంగు అది.

ఆక్రమణ అనే మాట నీకు ఇష్టం కదా, అసలైన ఆక్రమణదారుని మాత్రం నువ్వెప్పుడూ పట్టుకోలేదు. చిల్లకంప. సర్కారు తుమ్మ అని కూడా అంటారు, పేరులోనే పలుకుబడి ఉంది. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారు. పొయ్యిలోకి పుల్లలైనా వస్తాయని తెచ్చారు, వచ్చాయి కూడా, బొగ్గు కాల్చుకుని బతికేవాళ్లు ఉన్నారు కాబట్టి పూర్తిగా తిట్టలేను. కానీ అది పెరిగిన చోట బోసి నేల ఉండదు, తీతువుకి గుంట ఉండదు, కలివికి ఎండ ఉండదు. కాయలు తిన్న మేకలే విత్తనాన్ని ఊరంతా పంచిపెడతాయి. ఇంతకాలం పాటు నోటీసు లేదు, పంచనామా లేదు. అదే మావాడు ఒకడు ఆ పక్కన పాక వేసుకుంటే మూడు రోజుల్లో నోటీసొచ్చింది.

గొర్రెల మావని మర్చిపోయా. ఆయన పొద్దున్నే నూటికి దగ్గర్లో జీవాల్ని తోలుకుని వస్తాడు, ఒళ్లంతా తెల్లటి పల్ల, మొహం మీద నల్ల మచ్చల జోడిపి, ఎర్రటి దోర. దేశంలో ఎత్తైన గొర్రె జాతి నెల్లూరు గొర్రె అని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఒకసారి కావాలనే అడిగా, "ఏం మావా, ఈడ ఏముందని తోలుకొస్తావు?" అని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం లేకపోతే నా జీవాలు గాలి తిని బలిసినయ్యా అబ్బయ్యా?" అన్నాడు. నీ అడంగల్లో పంట గడి కూడా ఖాళీయే. మన ఒంగోలు పశువుల్ని తీసుకెళ్లిన బ్రెజిల్ వాళ్లు ఆ జాతికి నెలోర్ అని మన ఊరి పేరు పెట్టుకున్నారు. ఆ ఊళ్లో పశువు మేసే నేలకి మనం పెట్టుకున్నది నీ పేరు. అంతెందుకు, ఉదయగిరిలో చెక్కే చెంచాలకి, ఈ సరుకు ఈ ఊరిదేనని చెప్పే జీఐ గుర్తింపు ఉంది. నర్ది, బిక్కి, కలివి చెక్కతో చేస్తారు. చెంచాకి గుర్తింపు ఉంది, చెక్కకి లేదు.

సర్వే రోజు సాయంత్రం హద్దు రాయి పాతారు. నేను బతిమాలితే ఆ సర్వే అబ్బాయి గుడ్లకి రెండు బారల అవతలికి జరిపి పాతించాడు. "రెండు బారలు తేడా వస్తే పైన అడగరా?" అన్నా. "ఖాళీ భూమికి ఎవరడుగుతారన్నా" అన్నాడు. నీ వల్ల జరిగిన ఒకే ఒక్క మంచి ఇదే, దాచుకోకుండా ఒప్పుకుంటున్నా.

నిన్న పోయి చూశా. గుంటలో గుడ్లు లేవు. పిల్లలై పోయాయో, ముంగిస తిన్నదో తెలీదు. కాస్త దూరంలో తీతువు ఒకటి నన్ను చూసి నానా మాటలూ అంది, కాబట్టి పిల్లలు ఎక్కడో రాళ్లలో రాళ్లలా నక్కి ఉన్నాయనే అనుకుంటున్నా. అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయమేసి వచ్చిన దారినే వెనక్కొచ్చా. హద్దు రాయి మీద మాత్రం, సరిగ్గా నంబరు చెక్కిన చోట, పెద్ద రెట్ట ఉంది. ఏ పిట్టదో తెలీదు. అనుభవదారు వేలిముద్ర కింద రాసుకో.

ఇట్లు,
నీ పేరు గలవాడు