నీలం మాత్ర, ఖాళీ కడుపు

ప్రభుత్వ హైస్కూళ్లలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అంటే చాలామంది ఆడపిల్లలకు టెన్షన్. వికారం, కడుపులో తిప్పడం. మింగినట్టు చేసి బయట పారేసేవాళ్లూ ఉన్నారు. దాన్ని మొండితనం అనుకోకూడదు. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చిన పిల్ల ఐరన్ మాత్ర వేసుకుంటే అలాగే ఉంటుంది. అందుకే భోజనం అయ్యాకే వేయించాలంటారు. అంటే మాత్ర కన్నా ముందు కడుపులో అన్నం పడాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 54.1 శాతమే. ఒళ్లు ఎదిగే వయసు, పైగా నెలసరి. ఐరన్ ఎక్కువ కావాల్సింది అప్పుడే. కేంద్రం బడి మధ్యాహ్న భోజన పథకం పీఎం పోషణ్ మాత్రం 8వ తరగతితో ఆగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వరకు పూటకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అని లెక్కగట్టి పెట్టి, ఆ పిల్లే తొమ్మిదిలోకి రాగానే వదిలేయడం ఏం న్యాయం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లోనే 9, 10 తరగతులకూ భోజనం మొదలుపెట్టింది. 2025 జనవరిలో ఏపీ దాన్ని ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ తీసుకెళ్లింది. నా దృష్టిలో ఇది చాలా మంచి నిర్ణయం. ఇంటర్ దాకా కేంద్రం కూడా ఖర్చు పంచుకోవాలి.

అయితే పళ్లెంలో ఏముందన్నదీ చూడాలి. 150 గ్రాముల బియ్యానికి 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. కోడిగుడ్డు ప్రొటీన్‌కు మంచిది, రాగిజావ కాల్షియంకు మంచిది. రక్తం పట్టడానికి ఆ రెండే చాలవు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది తక్కువే. పక్కన విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. మన దగ్గర జామకాయకు, ఉసిరికి, నిమ్మకాయకు కొదవా? తోటకూర పప్పు వండిన రోజు పళ్లెంలో ఒక జామ ముక్క వేస్తే చాలు. తిన్న వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదన్న సంగతి మాత్రలు పంచే రోజే పిల్లలకు చెప్పాలి.

వండేవాళ్ల సంగతి మరీ బాధాకరం. సరుకులు అరువు తెచ్చి వండే మహిళలకు బిల్లులు నెలల తరబడి రాకపోతే పప్పు పలచనవుతుంది, ఆకుకూర మాయమవుతుంది. తనిఖీకి వచ్చే అధికారి గిన్నె మూత తీసి చూడటంతో సరిపెట్టకుండా, ఆ వంటమ్మను పిలిచి ఆఖరి బిల్లు ఎప్పుడొచ్చిందో అడగాలి.