ఎడమ అంచున ఒక మీటరు

సైకిలును కారో లారీయో గుద్దిన ప్రతిసారీ ఠాణాలోనూ ఆసుపత్రి గేటు దగ్గరా వినిపించే మాట ఒకటే: 'ఒక్కసారిగా అడ్డమొచ్చాడు'. ఎందుకు అడ్డమొచ్చాడని మాత్రం ఎవరూ అడగరు. సైకిలు తొక్కేవారికి మన రోడ్లు మిగిల్చింది ఎడమ అంచున ఒక్క మీటరు జాగా. నల్లగొండ క్లాక్‌టవర్ నుంచి ఏ దిక్కుకు పోయినా, పాలమూరులో మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ మీదుగా ఊళ్లోకి వచ్చినా ఆ మీటరులో ఏమేం ఉంటాయో చూడండి. ఆపిన కారు, దాని వెనుక తోపుడు బండి, ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుక కుప్ప, కుంగిన మ్యాన్‌హోల్ మూత, చెయ్యెత్తగానే ఉన్నచోటే ఆగిన ఆటో. వీటిని తప్పించుకోవాలంటే కుడికి రావలసిందే. వెనుక నుంచి దూసుకొచ్చేవాడి లెక్కలో అదే అడ్డం రావడం.

కాబట్టి సైకిలు భద్రత అంటే ముందు ఆ మీటరును ఖాళీగా ఉంచడం, ఆ పక్కన పోయే బండ్ల వేగాన్ని తగ్గించడం. హెల్మెట్లు, అవగాహన ర్యాలీలు ఆ తర్వాతి సంగతి.

వేగం లెక్క చూద్దాం. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలో కార్ల గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు, బైకులకు, సరకు వాహనాలకు 60. బజారు రోడ్డు మీద ఈ అంకెలు ఎంత ప్రమాదకరమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 60లో పోయే బండి సెకనుకు 17 మీటర్లు దాటుతుంది. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదకు చేరడానికే సెకను పడుతుంది. ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 20 మీటర్లు కావాలి. అదే 30లో అయితే మొత్తం కలిపి దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. పదిహేను మీటర్ల దూరంలో సైకిలు పక్కకు జరిగిందనుకోండి. 30లో ఉన్నవాడు దానికి దాదాపు రెండు మీటర్ల ఇవతలే ఆగుతాడు. 60లో ఉన్నవాడు బ్రేకు తొక్కకముందే గుద్దుతాడు. జనం, బండ్లు కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని రోడ్డు భద్రతపై 2020 నాటి స్టాక్‌హోం అంతర్జాతీయ ప్రకటన చెప్పింది ఇందుకే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద కేంద్రం చెప్పిన అంకెలకన్నా తక్కువ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ముందుగా బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు ఉన్న రోడ్లపై వాడాలి.

వేగం తగ్గించే పేరుతో మనవాళ్లు వేసే స్పీడ్‌బ్రేకర్ల కథ వేరు. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం దిబ్బ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. అప్పుడే బండి సాఫీగా ఎక్కి దిగుతుంది. గల్లీల్లో అడుగు వెడల్పున గోడలా లేపిన దిబ్బల మీద, క్యారియర్‌కు మూటలు కట్టుకున్న సైకిలు హ్యాండిల్ చేతిలో నిలవదు. అందుకే సైకిలువాళ్లు దిబ్బకూ మురుగు కాల్వకూ మధ్య జానెడు సందులోంచి పోతారు, కాల్వలో పడేదీ అక్కడే. రబ్బరు పట్టీలు బిగించిన చోట్ల ముక్కలు ఊడిపోయి బోల్టులు మాత్రం మేకుల్లా మిగులుతున్నాయి.

కాల్వల మీది ఇనుప జాలీలదీ అదే తీరు. వాటి కమ్మీలు రోడ్డుకు అడ్డంగా ఉండాలి. నిలువుగా బిగిస్తే ఒకటిన్నర అంగుళాల సైకిలు టైరు సందులో దిగి ముందు చక్రం అక్కడే ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. ఇక పాత తారు మీదే కొత్త తారు పొరలు వేస్తూ పోవడంతో రోడ్డు అంచు మూడు నాలుగు అంగుళాల మెట్టులా తయారైంది. హారన్‌కు భయపడి కిందికి దిగిన సైకిలు మళ్లీ ఎక్కబోతే ముందు చక్రం అంచును రాసుకుని జారుతుంది, మనిషి రోడ్డు మీదకే పడతాడు. పైకి ఎక్కాలంటే ఆగి, వెనక్కి చూసి, చక్రాన్ని బాగా అడ్డంగా తిప్పి ఎక్కించాలి. దానికన్నా తారు పని బిల్లు చెల్లించే ముందే అంచు వెంట మొరం పోసి రోలర్‌తో తొక్కించారా అని ఇంజినీరు చూడటం తేలిక.

మన జిల్లాలకు ప్రత్యేకమైన ముప్పు ఇంకోటుంది. కోతల కాలంలో వడ్లు రోడ్డెక్కుతాయి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే తీసుకోరు, ఆరబెట్టడానికి కల్లం లేదు. రైతును తిట్టి లాభం లేదు. కానీ వడ్ల చుట్టూ పేర్చిన రాళ్లు, రాత్రి కప్పిన నల్ల పరదాలు చీకట్లో కనిపించవు. చెదిరిన గింజలపై బ్రేకు వేస్తే చక్రం గోళీల మీద జారినట్టు జారుతుంది. మార్కెట్ యార్డులూ బడి మైదానాలూ ఆ నెల రోజులు ఆరబోతకు ఇవ్వాలి. అప్పటిదాకా కనీసం రాళ్లు తీసేసి, కుప్పకు రెండు కొసలా రేడియం అంటించిన డబ్బాలు పెట్టించాలి.

బండి నడిపేవారికి మూడు మాటలు. ఎడమకు ఆపిన కారులో కుడి తలుపును ఎడమ చేత్తో తెరవండి. ఒళ్లు దానంతటదే తిరిగి చూపు వెనక్కి పోతుంది, వచ్చే సైకిలు కనిపిస్తుంది. సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వండి. జర్మనీ 2020లో పట్టణాల్లో ఇంతే, ఊరి బయట 2 మీటర్లు అని చట్టంలోనే రాసింది. నార్కట్‌పల్లి, చిట్యాల దగ్గర 65వ జాతీయ రహదారిపై పక్కనుంచి లారీ పోతే ముందు గాలి బయటికి నెడుతుంది, వెంటనే లోపలికి లాగుతుంది, ఆ దూరం అందుకే. మూడోది లారీలు, ఆర్టీసీ బస్సుల డ్రైవర్లకు: ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, మూలను కోసుకుంటూ వస్తాయి. ఎడమ అద్దంలో రెండుసార్లు చూసి తిప్పాలి. సైకిలువాళ్లు కూడా సిగ్నల్ దగ్గర పెద్ద బండి ఎడమ పక్కన నిలవకూడదు. దాని వెనుక ఆగాలి, లేదా డ్రైవర్‌కు కనిపించేంత ముందుకు పోవాలి.

సైకిలువాళ్ల తప్పులూ ఉన్నాయి. రాంగ్ రూట్లో ఎదురు రావడం అందులో మొదటిది. డివైడర్ సందు చాలా దూరంలో ఉందన్నది నిజమే. అయినా ఎదురొచ్చే బండితో రెండు వేగాలూ కలుస్తాయి, తప్పించుకునే వ్యవధి ఉండదు. అలాంటి చోట దిగి నెట్టుకుంటూ దాటడమే మేలు. పాల క్యాన్లు, కూరగాయల గంపలు కడితే వెనుక రిఫ్లెక్టర్ వాటి చాటున పోతుంది. క్యాన్‌కే రేడియం పట్టీ అంటించాలి. పెడళ్ల పసుపు రిఫ్లెక్టర్లు ఊడితే మళ్లీ వేయించుకోవాలి, పైకీ కిందికీ ఆడే ఆ వెలుగే సైకిలని దూరం నుంచి పట్టిస్తుంది. డైనమో దీపం సైకిలు ఆగగానే ఆరిపోతుంది కాబట్టి వెనుక బ్యాటరీతో వెలిగే ఎర్ర దీపం ఉండాలి. వానలో రాడ్ బ్రేకుల రబ్బర్లు తడి స్టీలు రిమ్మును సరిగా పట్టవు. ముందే మెల్లగా నొక్కి పట్టి రిమ్ము తుడుచుకోనిచ్చి, ఆ తర్వాత గట్టిగా వేయాలి.

నడిచేవారి బాధ ఇంతకన్నా ఎక్కువ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులు. ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని జాగా 1.8 మీటర్లు ఉండాలన్నది ప్రమాణం. మన దగ్గర ఆ జాగా దుకాణం బోర్డుకూ బైకులకూ పోతే నడిచే మనిషి సైకిలు మీటరులోకి దిగుతాడు, సైకిలు కారు దారిలోకి జరుగుతుంది. ఒకచోట ఆక్రమణ జరిగితే ముగ్గురూ జరగాలి. ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. మోటారు లేని బండ్లకు, పాదచారులకు రోడ్లపై నియమాలు రూపొందించే అధికారాన్ని మోటారు వాహనాల చట్టంలోకి 2019 సవరణతో వచ్చిన 138(1ఎ) సెక్షన్ రాష్ట్రాలకు ఇచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణ లోపంతో ప్రాణం పోతే కాంట్రాక్టరుకూ బాధ్యుడైన అధికారికీ లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని అదే చట్టం 198ఎ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం జరిగిన చోట పోలీసులు బండి నంబరుతో పాటు రోడ్డు అంచు ఎత్తు, జాలీ తీరు, ఆ ఎడమ మీటరులో ఏముందో కూడా పంచనామాలో రాస్తే ఆ సెక్షన్‌కు పని దొరుకుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. బాగుంది. అక్కడికి చాలామంది సైకిలును కారుకు కట్టుకుని వెళ్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుకు డ్యూటీకి పోయే హమాలీ అడిగేది అంత పెద్దది కాదు. ఎడమ అంచుకు మీటరు దూరంలో తెల్ల గీత, ఆ గీత లోపల బండి ఆపితే చలానా. జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి పట్టణంలో కనీసం ఒక్క రోడ్డుకైనా ఈ పని చేయవచ్చు.

ఈలోగా మా వంతు పని కూడా ఒకటుంది. ఈ పేజీ చాలా ఇళ్లకు చేరేది తెల్లవారకముందు, సైకిలు మీదనే. పేపర్లు వేసేవారి సైకిళ్లకు వెనుక ఎర్ర దీపం ఉందో లేదో ఈ వారంలోనే చూడాలని మా ఏజెంట్లను కోరుతున్నాం.