నా ట్యాబులేవండీ?

మా అమ్మా నాన్నా 1999 నుంచి 2011 దాకా కాకినాడలో నెట్ సెంటర్ నడిపారు. 8 కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డుగోడలు, గంటకి 30 రూపాయలు. నాన్న మెకానిక్కు, అమ్మ గల్లా. సెంటర్ మూసేసి ఇన్నేళ్లయినా నాన్న చేతి దురద తగ్గలేదు. ఇంట్లో మిగిలిన ఒక్క ల్యాప్‌టాప్ మీదే అది తీర్చుకుంటున్నారు. ఆదివారం పొద్దున నేను వెళ్లేసరికే హాల్లో పంచాయితీ మొదలైపోయింది.

అమ్మ: (చిక్కుడుకాయల పళ్లెం బల్ల మీద ధన్‌మని పెట్టి) నా ట్యాబులేవండీ?

నాన్న: ఏ ట్యాబులు?

అమ్మ: రాత్రి పడుకునేటప్పుడు ల్యాప్‌టాప్‌లో 43 పేజీలు తెరిచి ఉన్నాయి. తెల్లారేసరికి ఒక్కటి లేదు. నా రంగుల చక్రం ఉండే చోట నక్కోటి ముడుచుకుని పడుకుంది.

నాన్న: నక్క కాదే, ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్. అసలు ఆ పేరుకి అర్థం ఎర్ర పాండా.

అమ్మ: పాండానో గూండానో, నా ట్యాబులు మింగేసింది.

నాన్న: అది మింగలేదు, నీ రంగుల చక్రం, అదే గూగుల్ వాడి క్రోమ్, నేనే తీసేశా. నీ 43 ట్యాబులకీ ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిమరలా మోగుతోంది. నాకు నిద్ర పట్టక్కర్లేదూ?

అమ్మ: అందులో ఏమేం ఉన్నాయో తెలుసా? సీరియల్ 27వ భాగం సగంలో ఆపాను. మీ చెల్లెలి కూతురి పెళ్లికి జాకెట్టు డిజైన్లు ఆరు. ఇంటి పన్ను రసీదు.

నాన్న: రసీదు ట్యాబులో దాచుకుంటారా ఎవరైనా?

అమ్మ: చొక్కా జేబులో దాచి వాషింగ్ మెషిన్లో వేసే మనుషులున్న ఇల్లండీ ఇది. ఊరికే కూర్చోకపోతే ఆ ఈనెలు తీస్తూ మాట్లాడండి.

(పళ్లెం నాన్న ఒళ్లోకి చేరింది. ఎలా చేరిందో నేను కూడా చూడలేదు.)

నాన్న: నీ మంచికేనే చేసింది. సీరియల్ చదువుతుంటే రెండు పేరాలకోసారి మోకాళ్ల నొప్పుల యాడ్ వస్తోందని తిట్టింది నువ్వే కదా? దానికి యాడ్లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, వేసిపెట్టానా? క్రోమ్ వాళ్లు ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చి దాని పీక నొక్కేశారు. గూగుల్ బతికేదే యాడ్లమ్ముకుని, వాడి బ్రౌజర్లో యాడ్లు ఆపనిస్తాడా? ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఇంకా పనిచేస్తోంది.

అమ్మ: యాడ్లు పోయాయి, బాగుంది. సీరియలేదీ?

నాన్న: ...

అమ్మ: సంక్రాంతికి బ్రేవ్ అనే బ్రౌజరన్నారు. శివరాత్రికి వివాల్డీ. ఉగాదికి ఎడ్జ్. పండక్కో చీర కొనమంటే మాత్రం చెవిన పడదు. అన్నిట్లోకీ తిప్పారు, నాకేమైనా తేడా తెలిసిందా?

నాన్న: ఎలా తెలుస్తుంది? పైన బొమ్మ వేరు గానీ లోపలంతా గూగుల్ వాడి క్రోమియమే, క్రోమ్ నడిచేదీ దాని మీదే. మైక్రోసాఫ్ట్ అంతటివాడే 2020 జనవరిలో సొంత ఇంజన్ పక్కన పడేసి గూగుల్ ఇంజన్‌తో ఎడ్జ్‌ని దింపాడు.

అమ్మ: అంటే ఒకే పిండితో ఇడ్లీ, దిబ్బరొట్టె, పునుగులు వేసి మూడు హోటళ్ల బోర్డులు కట్టారన్నమాట.

నాన్న: అదీ! సొంతంగా పిండి రుబ్బుకునేవాళ్లలో పేరున్నవి యాపిల్ వాడి సఫారీ, ఇదిగో ఈ ఫైర్‌ఫాక్స్. అందుకే దీన్ని బతికించుకోవాలి.

అమ్మ: సొంత రుబ్బుడికి డబ్బులెక్కడివి పాపం?

నాన్న: (చిక్కుడుకాయ వైపు చూస్తూ) గూగుల్ ఇస్తాడు.

అమ్మ: ఎవరూ?

నాన్న: సెర్చ్ చేసుకునే చోట ముందుగా వాడి పేరే పెట్టినందుకు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకి వచ్చే డబ్బులో పెద్ద వాటా అదే. యాపిల్‌కైతే సఫారీలో ఆ చోటు కోసం ఒక్క 2022లోనే 2,000 కోట్ల డాలర్లు ఇచ్చాడని అమెరికా కోర్టులో బయటపడింది. అక్కడి జడ్జి 2024లో గూగుల్‌ది గుత్తాధిపత్యమేనని తేల్చాడు కూడా. క్రోమ్ అమ్మేయమని ప్రభుత్వం అడిగింది. మరుసటేడు అదే జడ్జి, అమ్మక్కర్లేదు పొమ్మన్నాడు.

అమ్మ: ఆ గొడవ నాకొద్దు. మీరు చేసింది చెప్పండి. గూగుల్ ఇంట్లో చెయ్యి కడగనని పంతం పట్టి, వాడు పంపిన క్యారేజీ తింటున్నారు. అంతేనా?

(ఈ మాటకి నేను నవ్వాను. నాన్న నా వైపు చూసిన చూపుకి కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాను.)

నాన్న: నవ్వండి నవ్వండి. పోటీ లేకపోతే ఏమవుతుందో మన సెంటర్లోనే చూశాం. 2001లో మైక్రోసాఫ్ట్ వాడి బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, అదే ఐఈ, ఆరోది వచ్చింది. దానికి పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్ ఎలాగూ చతికిలబడింది, ఇంక మనకి ఎదురెవడని మైక్రోసాఫ్ట్ కాళ్లు బారజాపుకుని కూర్చుంది. ఐఈ 7 వచ్చేసరికి 2006. ఐదేళ్లు! ఈలోపు టూల్‌బార్ మీద టూల్‌బారు ఎక్కి సగం స్క్రీన్ అవే. ఒక కిటికీ మూస్తే మూడు తెరుచుకునేవి.

అమ్మ: ఆ మూడింట్లో రెండు బూతు బొమ్మలు. ఓసారి ఆడపిల్ల నాన్నని వెంటబెట్టుకొచ్చి ఎంసెట్ ర్యాంకు చూసుకుంటోంది. టపటపా తెరుచుకున్నాయి. గల్లా వదిలేసి తువ్వాలు పట్టుకుని పరిగెత్తా, మానిటర్ మీద కప్పడానికి. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

నాన్న: ఆ తువ్వాలు బాధ తప్పించింది ఎవరు మరి? 2004 నవంబర్లో వచ్చిన ఈ నక్కే.

అమ్మ: పాండా అన్నారు?

నాన్న: ఏదో ఒకటి! పాప్అప్‌లు ఆపింది. ట్యాబులు జనానికి అలవాటు చేసింది. నీ 43 ట్యాబులు దీని చలవే తెలుసుకో.

అమ్మ: అలవాటు చేసిందా? మన సెంటర్లో ముట్టుకున్నారా దాన్ని? వచ్చినవాడల్లా "నెట్ ఏదండీ?" అనేవాడు. నీలం రంగు 'ఇ' బొమ్మ ఉంటేనే నెట్టు, లేకపోతే "మీ దగ్గర నెట్ పోయిందండీ" అని పక్క సెంటర్‌కి పోయేవాడు. అప్పుడు ఫైర్‌ఫాక్స్ షార్ట్‌కట్‌కి ఆ నీలం బొమ్మే తగిలించండి అని ఐడియా ఇచ్చిందెవరు?

నాన్న: నువ్వే.

(ఇది నిజం. నేనప్పుడు ఏడో క్లాసు. ఎనిమిది కంప్యూటర్లలోనూ నీలం బొమ్మ నొక్కితే నక్క తెరుచుకునేది. ఒక్కరంటే ఒక్కరు గుర్తుపట్టలేదు. "మీ దగ్గర నెట్ ఫాస్టండీ" అని వీధి చివరి సెంటర్ వాళ్లు కూడా మా దగ్గరికే వచ్చారు.)

నాన్న: ఆ నీలం 'ఇ' 2022 జూన్‌లో రిటైరైపోయింది తెలుసా? కొరియాలో ఒకాయన దానికి సమాధి రాయి చెక్కించాడు. "వేరే బ్రౌజర్లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి బాగా పనికొచ్చింది" అని రాయించాడు.

అమ్మ: మీకు నేను చెక్కిస్తాను, ఆగండి. అన్నట్టు ఆ రోజుల్లోనే కదా పద్మ వచ్చింది?

నాన్న: మళ్లీ ఆ పద్మ ఎందుకే ఇప్పుడు!

అమ్మ: పిల్లాడికి చెప్పనివ్వండి. నాన్నా, ఈయన రోజూ ఫోన్లో "పద్మ వచ్చాక సుఖంగా ఉందిరా, నువ్వూ పెట్టుకో" అంటుంటే విని మీ అమ్మమ్మ పిఠాపురం నుంచి పెట్టె సర్దుకుని వచ్చేసింది. మూడు రోజులు మకాం.

నాన్న: ఎక్స్‌టెన్షన్ పేరురా అది! అప్పట్లో తెలుగు పేపర్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు పెట్టుకునేవి. ఐఈలో తెలుగు కనపడేది, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే గజిబిజి గీతలు. పద్మ వేసుకుంటే ఆ గీతల్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా కనపడే తెలుగులోకి మార్చిపెట్టేది. లేకపోతే మన పెద్దమనుషులు పేపర్ చదవడానికి మళ్లీ ఐఈకే పోయేవారు. అత్తయ్యగారికి యూనికోడ్ అంటే ఏమిటో చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అమ్మ: ఆవిడకి ఇప్పటికీ నమ్మకం కుదర్లేదు. సరే, ఇంటి పన్ను సైటు తెరవండి, రసీదు మళ్లీ తీద్దాం.

(తెరిచారు. "మీ బ్రౌజర్ ఇక్కడ పనిచేయదు" అంది సైటు.)

నాన్న: దీనికేముంది, సైటుకి మనది క్రోమ్ అని అబద్ధం చెప్పిద్దాం.

అమ్మ: బ్రౌజర్ చేత కూడానా?

నాన్న: అవి పుట్టిందగ్గర్నుంచీ చెప్పేది అబద్ధాలేనే! అప్పట్లో నెట్‌స్కేప్ ముద్దుపేరు కూడా మొజిల్లానే. సైట్లవాళ్లు మంచి పేజీలు మొజిల్లాకే పంపేవారని ఐఈ కూడా గుమ్మంలో నిలబడి "నేనూ మొజిల్లానే" అంది. అప్పట్నుంచీ అందరిదీ అదే వరస. క్రోమ్ ఇవాళ్టికీ ఏ సైటుకెళ్లినా ముందు మొజిల్లా అంటుంది, ఆఖర్న సఫారీ అని కూడా అంటుంది.

అమ్మ: ఆడపెళ్లివారితో మగపెళ్లివారి తరఫనీ, మగపెళ్లివారితో ఆడపెళ్లివారి తరఫనీ చెప్పి భోంచేసి పోయే బాపతు.

నాన్న: ఇదిగో, తెరుచుకుంది. పాస్‌వర్డ్ చెప్పు.

అమ్మ: నాకేం తెలుసు?

నాన్న: నీ పాస్‌వర్డ్ నీకు తెలీదా?

అమ్మ: క్రోమ్‌కి తెలుసని నేను మర్చిపోయాను. వంటింట్లో మెంతుల డబ్బా ఎక్కడుందో నాకు తెలీదండీ, నా చేతికి తెలుసు. మీరు రాత్రికి రాత్రి అల్మరా మార్చేసి, కొత్త అల్మరా గట్టిది, చెదలు పట్టదు అంటే నేను పోపు దేంతో పెట్టుకోను?

నాన్న: అందుకే చెప్పేది, అన్నీ తీసుకెళ్లి వాడికి అప్పజెప్పకూడదని. నేను చూడు, ఏ బ్రౌజర్లోనూ లాగిన్ అవను. నువ్వేం చూస్తున్నావో, ఏం వెతుకుతున్నావో వాడికంతా తెలిసిపోతుంది.

అమ్మ: సెంటర్ కట్టేశాక రోజూ రాత్రి ఎనిమిది కంప్యూటర్లలోనూ హిస్టరీ తీసి, కళ్లజోడు పెట్టుకుని మరీ చదివిందెవరండీ?

(నాన్న చాలా శ్రద్ధగా ఒక ఈనె తీశారు.)

నాన్న: అది... వైరస్ కోసం.

అమ్మ: అవునవును. (బొడ్లోంచి ఫోన్ తీసి, కళ్లకి దూరంగా పట్టుకుని) 41, 42, 43. ఆ, అన్నీ ఉన్నాయి. రసీదు కూడా.

నాన్న: ఫోన్లో ఉన్నాయా!

అమ్మ: మీలాగా కాదు, నేను లాగిన్ అవుతానుగా. ల్యాప్‌టాప్‌లో తెరిచినవన్నీ ఇందులో కనపడతాయి. పొద్దున ఆరింటికే 27వ భాగం పూర్తి చేశా.

నాన్న: మరి గంట నుంచీ నన్నెందుకే ఇలా సాధించావ్?

(అమ్మ జవాబు చెప్పలేదు. పళ్లెం అందుకుని చిక్కుడుకాయలు వేళ్లతో కలియబెట్టింది. కిలో అయిపోయాయి. పుచ్చిన కాయలు రెండు ఏరి పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి ఇంకో సంచీ పట్టుకొచ్చింది.)

అమ్మ: ఇంకో అరకిలో ఉన్నాయి. ఆ నెట్‌స్కేప్ చతికిలబడిందన్నారు, ఎలాగో చెప్పలేదు?

నాన్న: (మొహం వెలిగిపోయి) అది పెద్ద కథే! 1997 అక్టోబర్లో ఐఈ 4 విడుదలైన రాత్రి మైక్రోసాఫ్ట్ కుర్రాళ్లు ఇంతెత్తు 'ఇ' బొమ్మ మోసుకొచ్చి నెట్‌స్కేప్ ఆఫీసు ముందు గడ్డిలో నిలబెట్టి పోయారు. తెల్లారి నెట్‌స్కేప్ వాళ్లు దాన్ని తోసేసి, దాని మీద వాళ్ల మొజిల్లా రాక్షసబల్లిని ఎక్కించి...

అమ్మ: ఈనె, ఈనె. తీయకుండా తుంచేస్తున్నారు.