రెజ్యుమేలో చెరువు రాయకూడదు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన పిల్లలకు ఉద్యోగావకాశాలు పెంచుకునే మార్గాలు చెప్పేవాళ్లకి మన గోదావరి డెల్టాలో ఏ లోటూ లేదు. ఉద్యోగాలిచ్చేవాళ్లే కాస్త తక్కువ. అయినా పౌరధర్మంగా నేనూ నాలుగు ముక్కలు చెప్పదలిచాను.

ముందు రెజ్యుమే. దీన్ని సొంతంగా రాసుకోవడం మర్యాద కాదు. బస్టాండు పక్కన జిరాక్స్ షాపుకే వెళ్లాలి. అక్కడి కంప్యూటర్లో ఒకే ఒక్క ఫైలుంటుంది. ఏ బ్యాచ్ కుర్రాడు మొదట చేయించుకున్నాడో గానీ, పేరూ ఫోన్ నంబరూ పర్సెంటేజీ మార్చి దాన్నే అందరికీ ప్రింట్ కొడుతున్నారు. అందుకే కోనసీమ నుంచి భీమవరం దాకా కుర్రాళ్లందరి జీవితాశయమూ ఒకటే: మంచి సంస్థలో చేరి, సంస్థతో పాటు ఎదగడం. అందరి హాబీలూ క్రికెట్టూ పాటలు వినడమూనే. ఈమధ్య నేను చూసిన ఒకదాంట్లో కుర్రాడి పేరు మార్చారు గానీ తండ్రి పేరు మార్చడం మరిచారు. కింద ‘పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్నచోట సంతకం మాత్రం ముత్యాల్లా ఉంది.

రెండో నియమం ఇంకా ముఖ్యం. నిజంగా చేతనైన పనేదీ రెజ్యుమేలోకి రానివ్వకూడదు.

మా ఎరికలో ఒక బీటెక్ కుర్రాడున్నాడు. వాళ్లకి వనామీ రొయ్యల చెరువుంది. తెల్లారేముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది గనక, సెలవులకి ఇంటికొస్తే ఆ వేళకి టార్చి పట్టుకుని గట్టు మీదే ఉంటాడు. కరెంటు పోయిందా, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ వేస్తాడు. రొయ్యలు ఎంత మేత తిన్నాయో చూడ్డానికి నీళ్లలో దించి ఉంచే చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతను వేళ్లతో తడిమి చూసి, తర్వాతి పూట ఎంత తగ్గించాలో తేల్చేస్తాడు. వారం వారం బరువులు ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. కిలోకి వంద తూగే రొయ్యకీ, ముప్పై తూగే రొయ్యకీ ధరలో ఎంత తేడానో వాడికి నోటికొచ్చు. ఇంకో పది రోజులు ఉంచితే రొయ్య సైజు పెరుగుతుంది, ఈలోపు వైట్ స్పాట్ అనే వైరస్ రోగం తగిలితే చెరువంతా పోతుంది. ఆ పది రోజులూ ఆగాలా వద్దా అని వాళ్ల నాన్న అడిగేది వీడినే. కొనడానికొచ్చిన ఏజెంటుతో బేరమాడేదీ వీడే.

రెజ్యుమేలో ఎక్స్‌పీరియన్స్ దగ్గర ‘నిల్’ అనుంది. స్కిల్స్ దగ్గర జావా. దాన్ని వాడు కడసారి చూసింది పరీక్ష హాల్లో. ఇంటర్వ్యూలో ‘బాగా టెన్షన్ పడ్డ సందర్భం చెప్పు’ అంటే సెమిస్టర్ పరీక్షలని చెప్పొచ్చాడట. చెరువు సంగతి ఎందుకెత్తలేదురా అంటే, ‘ఆయ్, బాగోదండి’ అన్నాడు. ఎంత సంస్కారం!

చుట్టుపక్కలే మేత కంపెనీలూ, రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలూ, నీళ్లు పరీక్షించే ల్యాబులూ, ప్రాసెసింగ్ ప్లాంట్లూ ఉన్నాయి కదా అని కొందరు తెలివితక్కువగా అడుగుతారు. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కకుండా వచ్చేదాన్ని మనవైపు ఉద్యోగమంటారా? ముందు అమీర్‌పేటలో హాస్టల్, ఆ తర్వాత ఏదో ఒక కోర్సు, ఆపైన భగవంతుడు.

అప్రెంటిస్‌షిప్ జోలికీ పోవద్దు. 1961 నాటి చట్టంలోకి 1973లో ఇంజనీరింగ్ పట్టభద్రుల్ని కూడా చేర్చారు. స్టైపెండ్ ఇస్తూ పని నేర్పుతారు, చివర్లో సర్టిఫికెట్టూ ఇస్తారు. కానీ పెళ్లిపందిట్లో పెద్దనాన్న ‘పర్మనెంటేనా?’ అంటే ఏం చెబుతారు? గ్రూప్-2కి ప్రిపేరవుతున్నానని చెప్పండి. దానికి స్టైపెండ్ లేకపోయినా గౌరవం ఉంది, నోటిఫికేషన్ వచ్చేదాకా ఎవరూ కదిలించరు.

నాకు తేలనిది ఒక్కటే. ఆ కుర్రాడికి సంబంధాలు చూస్తూ వాళ్ల నాన్న పెళ్లిళ్ల పేరయ్యకిచ్చిన బయోడేటా నేను చూశాను. మొదటి లైన్లోనే ‘నాలుగెకరాల చెరువు, లెక్కాడొక్కా అమ్మకం అంతా అబ్బాయే చూసుకుంటాడు’ అనుంది. అందులో తండ్రి పేరూ సరిగ్గానే ఉంది. కంపెనీలకి అదే పంపరా అంటే, నక్షత్రం, గోత్రం కూడా ఉన్నాయండీ అని మొహమాటపడుతున్నాడు.