సవరణ: వేసవి పద్యనాటక శిక్షణలో యతి, శ్రుతి

నెల్లూరు పిల్లల వేసవి పద్యనాటక శిక్షణ గురించి మొన్న రాసినదానిలో రెండు తప్పులు దొర్లాయి. "యతి దగ్గర ఊపిరి తీసుకోవాలి", "అందరికీ ఒకటో శ్రుతి పెట్టండి" అన్నాం. రెండూ సరికాదు, మన్నించండి.

యతి సంగతి ముఖ్యం. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో అది అక్షరమైత్రి, అంటే ధ్వని కలిసే అక్షరాల జత. పాదం మొదటి అక్షరానికి ఉత్పలమాలలో 10, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14వ అక్షరంతో మైత్రి కుదరాలి, అంతే. ఆ చోటు చాలాసార్లు మాట మధ్యలో పడుతుంది. అక్కడ ఆగితే మాట విరిగి అర్థం పోతుంది. పాదం చివర ఆగినా ఇదే చిక్కు, మన పద్యాల్లో మాట పాదం దాటి పోతుంది కదా! అందుకని రాగం ఎత్తుకోకముందే పద్యాన్ని వచనంలా నాలుగైదుసార్లు చదివించి, మాట ముగిసినచోట పెన్సిల్‌తో గీత పెట్టించండి. ఊపిరి అక్కడే.

ఇక శ్రుతి, అంటే పాటకు ఆధారంగా హార్మోనియంలో పట్టే స్వరం; అంకె పెరిగేకొద్దీ అది పైకి వెళ్తుంది. ఒకటి, ఒకటిన్నర శ్రుతులు గొంతు మారిన మగపిల్లలకు. చిన్నపిల్లలకు, ఆడపిల్లలకు సాధారణంగా ఐదు, ఐదున్నర నప్పుతాయి. వాళ్లచేత ఒకటిలో పాడిస్తే కింది స్వరాలు వినపడవు, వినిపించాలని అరుస్తారు. 13–15 ఏళ్ల మధ్య గొంతు పగులుతున్న అబ్బాయిచేత పైషడ్జం (పై స్థాయి 'స') పట్టించొద్దు. ఈ వేసవికి సంభాషణలు ఎక్కువున్న వేషం ఇవ్వండి.

ఎవరి శ్రుతి ఎంతో హార్మోనిస్టుకు ముందే చీటీ రాసివ్వండి. కృష్ణుడు ఐదులో, అర్జునుడు ఒకటిన్నరలో పాడే రంగంలో, మధ్య సంభాషణ సాగుతుండగానే హార్మోనిస్టు శ్రుతి మార్చి అందించాలి. దీన్ని మొదటి వారం నుంచే సాధన చేయించండి.